సంచి ఎవరి భుజాన ఉంది?

ప్రశ్న: మాది విజయనగరం. మా బాబుకి రెండున్నరేళ్లు. సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి ఒకరోజు రామోజీ ఫిల్మ్ సిటీ, మరునాడు వండర్‌లా, ఆ తర్వాత సోమవారం జూ చూసి రావాలని మా వారి ప్లాన్. మాతోపాటు 62 ఏళ్ల మా అత్తగారు, మా ఆడపడుచు కూతురు వస్తారు. ఆ పాపకి తొమ్మిదేళ్లు. పోయిన వేసవిలో ఒక్కరోజుకి విశాఖ వెళ్తేనే నాకు చుక్కలు కనిపించాయి. కైలాసగిరి మీద చిన్న రైలు ఎక్కినంతసేపూ బాబు కేరింతలు కొట్టాడు. దిగగానే మొదలైంది. పాలసీసా దొరకదు, తువ్వాలు దొరకదు, వాడి ఏడుపు ఆగదు. "ఏం సర్దావు నువ్వు?" అని మా వారు అందరి ముందూ విసుక్కుంటే నేనూ ఏడ్చేశాను. ఈసారి మూడు రోజులు. లిస్టు రాస్తుంటే రెండు పేజీలైంది కానీ టెన్షన్ మాత్రం తగ్గలేదు. ఏం తీసుకెళ్లాలి, ఎలా సర్దుకోవాలి? ఇంత చిన్నవాడికి ఏమీ గుర్తుండదు, ఇప్పుడు అవసరమా అని మా అమ్మ అంటోంది. మీరేమంటారు?
ఒక సోదరి, విజయనగరం

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "ఏం సర్దావు నువ్వు?" అన్న మాట దగ్గర రెండుసార్లూ ఆగిపోయాను. పాలసీసా ఎక్కడుంది, మందు ఏ జేబులో ఉంది, వాడు ఎప్పుడు తిన్నాడు, ఎప్పుడు పడుకోవాలి... ఇదంతా మీ ఒక్కరి బుర్రలోనే ఉంది. మిగతావాళ్లకి చెయ్యాలని లేదని నేను అనుకోను. ఏది ఎక్కడుందో వాళ్లకి తెలియదు, అంతే. లిస్టు ఇరవై పేజీలు రాసినా అది మీ చేతిలోనే ఉన్నంతకాలం ఈ టెన్షన్ తగ్గదు. అందుకే సర్దడం తర్వాత చెప్తాను. ముందు పని పంచడం గురించి మాట్లాడుకుందాం.

ఈ విషయం నాకు చాలా కష్టంగా తెలిసొచ్చింది. మా అమ్మాయికి మూడేళ్లప్పుడు ఒక పార్కుకి వెళ్లాం. నేను వంగి దాని రెండో చెప్పు కోసం బెంచీ కింద వెతుకుతున్నాను. పిల్ల వాళ్ల నాన్న దగ్గరుందనుకున్నాను. ఆయన ఐస్‌క్రీమ్‌కి చిల్లర లెక్కపెట్టుకుంటూ నా దగ్గరుందనుకున్నారు. "పిల్లేది?" అని ఇద్దరం ఒకేసారి అన్నాం. పది నిమిషాల తర్వాత చెరుకురసం బండి వెనకాల కనిపించింది. ఆ మరకి కట్టిన మువ్వలు గలగలలాడుతుంటే నోరు తెరుచుకుని చూస్తోంది, ఒక కాలికే చెప్పు. ఇరవై ఏళ్లు దాటిపోయింది. ఇప్పటికీ రోడ్డు మీద ఆ మువ్వల చప్పుడు వింటే నా చెయ్యి పక్కన పిల్ల కోసం తడుముకుంటుంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పిల్లని ఒకరి నుంచి ఒకరు తీసుకునేటప్పుడు నోటితో చెప్పాలి. "పాప నీ దగ్గర." "ఆ, నా దగ్గర." రెండో మాట వినపడేదాకా మొదటివాళ్లు చెయ్యి వదలకూడదు. ఫోన్ చూసుకుంటూ ఊఁ అంటే లెక్కలోకి రాదు. మొదట్లో కొత్తగా అనిపిస్తుంది కానీ రెండు రోజుల్లో అలవాటైపోతుంది. మీది విజయనగరం, సిరిమానోత్సవం జనాన్ని చూసినవాళ్లు. ఆ రోజు మూడు లాంతర్ల కూడలి దగ్గర పసివాణ్ణి కిందికి దించే ధైర్యం ఎవరికుంటుంది? అక్కడ భయం ఉంటుంది కాబట్టి పట్టు సడలదు. పార్కులో సరదాగా తిరుగుతాం, చుట్టూ అందరూ మనవాళ్లే ఉన్నట్టు ఉంటుంది. పిల్లలు తప్పిపోయేది ఆ ధీమాలోనే.

ఇక పనులు. ఒక్కో పనికి ఒక్కరి పేరే ఉండాలి. "మనందరం చూసుకుందాం" అనుకున్న పని ఎవరూ చూడరు. బాబు సంచి మీ వారి భుజాన వెయ్యండి. మోసేవాళ్లే సర్దాలి, ఇది మాత్రం ఖాయం చేసుకోండి. మీరు సర్ది ఆయన చేతికిస్తే, అక్కడికెళ్లాక మళ్లీ "వైప్స్ ఎక్కడ పెట్టావు?" అని మిమ్మల్నే అడుగుతారు. ముందురోజు రాత్రి సామానంతా మంచం మీద పరిచి పెట్టండి. ఆయన తన చేత్తో ఒక్కొక్కటే లోపల పెట్టుకుంటారు. "నాకు కాస్త సాయం చెయ్యండి" అని అడగకండి. సాయం అంటే పని మీదని, ఆయన మధ్యలో ఒక చెయ్యి వేస్తారని అర్థం. "ఈ సంచి మీది" అని చెప్పండి. ఇంటి దగ్గర, తీరుబడిగా ఉన్నప్పుడు, నవ్వుతూ చెప్పండి. స్టేషన్‌లో చెప్తే గొడవవుతుంది.

అత్తగారికి తిండి విషయం పూర్తిగా వదిలేయండి. ఎప్పుడు పెట్టాలి, ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి అన్నది ఆవిడ ఇష్టం. మధ్యలో "అలా కాదు అత్తయ్యా" అనకండి. మూడు రోజులు వాడు రెండు ముద్దలు ఎక్కువ తిన్నా తక్కువ తిన్నా ఏమీ కాదు. మీ ఆడపడుచు కూతురికి మంచినీళ్ల సీసా, సామాన్ల లెక్క అప్పగించండి. తొమ్మిదేళ్ల పిల్లలకి ఒక బాధ్యత ఇచ్చి చూడండి, పెద్దవాళ్లకంటే గట్టిగా పట్టుకుంటారు. "సామాన్లు మొత్తం ఐదు" అని అందరికీ తెలియాలి. ఆటో ఎక్కినా, రైలు దిగినా, హోటల్ ఖాళీ చేసినా ఆ పాప ఐదు లెక్కపెట్టి సరే అన్నాకే కదలాలి. మరి మీకు ఏం మిగిలింది? టైము. ఇప్పుడు ఆపాలి, ఇప్పుడు పడుకోబెట్టాలి, ఇక చాలు అని చెప్పే అధికారం మీది. వాణ్ణి మీకంటే బాగా చదివినవాళ్లు ఎవరూ లేరు.

మీ వారి ప్లాన్‌లో మాత్రం కోత పెట్టక తప్పదు. వండర్‌లా ఈసారికి వద్దు. అక్కడ టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి ఉంటుంది. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకి ఉచితం. రెండున్నరేళ్లకి చాలామంది 90 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేస్తారు కాబట్టి మీవాడికి టికెట్ పడుతుంది, పెద్ద రైడ్‌లేమో ఎక్కనివ్వరు. మీ వారూ పాపా రైడ్‌లు ఎక్కుతుంటే మీరూ అత్తగారూ పిల్లాణ్ణి పట్టుకుని నీడ వెతుక్కోవాలి. వాడికి ఆరేడేళ్లు వచ్చాక వెళ్లండి. అప్పుడు హైదరాబాద్‌కే వెళ్లాలని కూడా లేదు, 2024లో భువనేశ్వర్ దగ్గర ఒక వండర్‌లా తెరిచారు. మనకి హైదరాబాద్‌తో చూస్తే అది దాదాపు సగం దూరం. ఇక జూ సంగతి, సోమవారం అనుకున్నారు కదా, నెహ్రూ జూపార్కుకి సోమవారమే సెలవు.

రామోజీ ఫిల్మ్ సిటీ మీ కుటుంబానికి సరిపోతుంది. 1996లో మొదలైన ఆ చోటు 1,666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియో అని గిన్నిస్‌లో ఎక్కింది. అంత మేర ఎవరూ నడవలేరు కాబట్టి బస్సుల్లో తిప్పుతారు. అత్తగారి మోకాళ్లకి అది హాయి, మీవాడికి బస్సే ఒక ఆట. పిల్లల కోసం ఫండుస్థాన్ అని విడిగా ఒక చోటుంది. ఒక్క జాగ్రత్త, బస్సెక్కాక మధ్యలో దిగడం కష్టం. ఎక్కేముందు డైపర్ మార్చడం, రెండు గుక్కలు నీళ్లు పట్టడం అయిపోవాలి. ఊరికి దూరం కాబట్టి రానూపోనూ ప్రయాణానికి కూడా టైము కేటాయించుకోండి.

తేదీలు కూడా మార్చుకోమంటాను. పండక్కి ముందు హైదరాబాద్ అంతా మన వైపు వచ్చేస్తుంది, కనుమ దాటగానే అంతా తిరుగుముఖం పడుతుంది. ఆ రోజుల్లో రిజర్వేషన్ ఉన్న సీటు దాకా వెళ్లడమే ఒక యుద్ధం. ఫిబ్రవరి పెట్టుకోండి. ఎండ ముదరదు, పార్కులో జనం తగ్గుతారు. పాపకి రెండు రోజులు బడి పోతుంది, పోనివ్వండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. అయిదేళ్ల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, అయితే బెర్తు ఇవ్వరు. కావాలంటే పెద్దవాళ్ల చార్జీ కట్టి తీసుకోవచ్చు. మన వైపు నుంచి సికింద్రాబాద్ అంటే రాత్రంతా ప్రయాణం. ఆ డబ్బు పెట్టి బెర్తు తీసుకోమనే నా సలహా. ఒక బెర్తు మీద మీరిద్దరూ ఇరుక్కుంటే తెల్లారేసరికి ఇద్దరికీ నిద్ర ఉండదు. ఆ చిరాకు పార్కు దాకా వస్తుంది. దిగిన రోజు ఎక్కడికీ వెళ్లకండి. స్నానాలు, భోజనాలు, నిద్ర. పార్కు మరునాడు.

పార్కు రోజుని వాడి నిద్ర చుట్టూ అల్లుకోవాలి. ఈ వయసు పిల్లలకి పగటి నిద్రతో కలిపి రోజుకి పదకొండు గంటలకి తగ్గకుండా నిద్ర కావాలి. అది తగ్గితే ఏ బొమ్మా, ఏ బెలూనూ వాణ్ణి ఊరుకోబెట్టలేవు. కైలాసగిరి మీద మీవాడి ఏడుపు నిద్ర ఏడుపే అయ్యుంటుందని నాకు గట్టి అనుమానం. వెళ్లేముందు మూడు రోజులు వాడు లేచింది, తిన్నది, పడుకున్నది కేలండర్ మీద రాసిపెట్టండి. మధ్యాహ్నం ఒంటిగంటకి పడుకునేవాడైతే గేటు తెరిచే సమయానికి చేరుకోండి. పన్నెండున్నర లోపు చూడాల్సింది చూసేసి, చప్పుడు తక్కువున్న నీడ చోటు చూసుకోండి. స్ట్రోలర్ ఉంటే సరి, లేదంటే రెండు బెంచీలూ అత్తగారి ఒడీ చాలు. ఆ గంటన్నర మీ వారూ పాపా తిరిగొస్తారు. మరోసారి వాడు పడుకున్నప్పుడు, లేదా లేచి బామ్మతో ఆడుకుంటున్నప్పుడు మీరు వెళ్లండి. పార్కు టికెట్ మీకు కూడా కొన్నారు. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి అనుకోండి, మూడోది కుదిరితే చూడండి. మూసే టైముకి ఒక గంట ముందే బయటపడితే బస్సుల దగ్గర తోపులాట ఉండదు.

ఇప్పుడు సంచి. భుజానికి వేసుకునేది, జేబులు ఎక్కువున్నది తీసుకోండి. లోపలిది కనిపించే జిప్ కవర్లు మూడు తెచ్చి, ఒక్కోదాంట్లో ఒక డైపర్, నాలుగు వైప్స్, ఒక చొక్కా, ఒక నిక్కరు, మాసినవి వేసుకోవడానికి ఒక ఖాళీ కవరు మడిచి పెట్టండి. ఒక కవరంటే ఒకసారి మార్చడానికి కావలసినదంతా. బాబు తడిపేసుకుంటే మొత్తం సంచి కుమ్మరించక్కర్లేదు, ఎవరైనా ఒక కవరు లాగి వెళ్లిపోవచ్చు. నా పాత రోజుల్లో ఈ కవర్లు లేవు, పాత చీరతో చిన్న చిన్న మూటలు కట్టేదాన్ని. అవే పని చేసేవి. విడిగా ఇంకో రెండు డైపర్లు వేసుకోండి. డైపర్ మానిపించే ప్రయత్నం ఈ నెలలో మొదలుపెట్టకండి, ఊరి నుంచి వచ్చాక చూసుకోవచ్చు. చెప్పులు కొత్తవి వద్దు, వెనక పట్టీ ఉన్న పాతవి వెయ్యండి.

తిండికి వేయించిన చోడిపిండి ఒక డబ్బాలో, వేడినీళ్లు ఫ్లాస్కులో ఉంటే ఎక్కడ కూర్చున్నా జావ అవుతుంది. అరటిపళ్లు, అటుకులు, కాసిన్ని మురీలు చాలు. పార్కుల్లోకి బయటి తిండి రానివ్వరు, పసివాడి ఆహారమని గేటు దగ్గర చూపిస్తే మాత్రం సాధారణంగా ఒప్పుకుంటారు. అందుకే వాడి తిండి విడిగా, పైన పెట్టండి. పెద్దవాళ్ల పులిహోర దాంతో కలపకండి.

మందుల దగ్గర మాత్రం కాస్త ఆగి వినండి. జ్వరం సిరప్ ఎంత పట్టాలో మీ పిల్లల డాక్టరు చేత వాడి బరువును బట్టి కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితాన్ని సీసాకి రబ్బరు బ్యాండుతో చుట్టండి. పారాసిటమాల్ సిరప్‌లు అన్నీ ఒకే బలంతో రావు. అయిదు మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్నవీ ఉంటాయి, 250 ఉన్నవీ ఉంటాయి. కొత్త ఊళ్లో ఇంకో సీసా కొని పాత లెక్కన పడితే మోతాదు రెట్టింపైపోవచ్చు. ఇంట్లో ఉన్న సీసానే తీసుకెళ్లండి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ పొడి. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం ప్యాకెట్ ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసుకి ఇంత అని చిటికెడు చిటికెడు వెయ్యకూడదు. కలిపినది 24 గంటలు దాటితే పారబొయ్యాలి. పండ్ల రసాల్లా తియ్యగా డబ్బాల్లో అమ్మే పానీయాలు ఓఆర్‌ఎస్ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో లేని వాటి మీద ఆ పేరు వాడకూడదని మన దేశపు ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. షాపువాడు ఏది చేతిలో పెట్టినా ప్యాకెట్ మీద చదివే తీసుకోండి.

మీ రెండు పేజీల లిస్టులో మిగతావన్నీ హైదరాబాద్‌లో దొరుకుతాయి. మరిచిపోతే కొనుక్కోవచ్చు, దాని కోసం ఎవరూ ఎవరినీ మాట అనక్కర్లేదు. కొనడానికి దొరకనిది ఒకటుంటుంది. పడుకునేటప్పుడు మీవాడు ఏం పట్టుకుంటాడు? చాలామంది గుంటలు అమ్మ పాత చీర ముక్కో, నలిగిన దుప్పటి అంచో పట్టుకుంటేగాని కన్ను మూయరు. అలాంటిది ఉంటే ఇప్పుడే కత్తిరించి రెండు ముక్కలు చెయ్యండి. ఒకటి బాబు సంచిలో, ఒకటి మీ హ్యాండ్‌బ్యాగులో. ఉతక్కండి, ఆ వాసనే వాడికి ఇల్లు.

తప్పిపోకుండా చూసుకోవడం గురించి ఇంకొంచెం. పొద్దున్నే గదిలోంచి బయటపడేముందు వాణ్ణి తల నుంచి కాళ్ల దాకా ఒక ఫొటో తీయండి. కంగారులో ఏ రంగు చొక్కా వేశామో ఏ తల్లికీ గుర్తురాదు. పసుపో నారింజో, దూరానికి కనిపించే రంగు వెయ్యండి. మీ ఇద్దరి ఫోన్ నంబర్లు చొక్కా లోపలి అంచున చెరగని పెన్నుతో రాయండి. వాడికి తన పేరు, మీ పేరు చెప్పడం నేర్పండి. అమ్మ పేరేంటి అంటే "అమ్మ" అనే అంటారు ఈ వయసులో, రోజూ అన్నం దగ్గర ఆటలా అడుగుతుంటే రెండు వారాల్లో వచ్చేస్తుంది. లోపలికి వెళ్లగానే అందరూ కలుసుకునే చోటు ఒకటి అనుకోండి, ఫోన్లు పలకకపోయినా అక్కడికే రావాలి. ఎప్పుడైనా కనిపించకపోతే ఒకరు అక్కడే నిలబడాలి, ఒకరు వెతకాలి, ఒకరు దగ్గర్లోని సెక్యూరిటీకి వెంటనే చెప్పాలి. మొహమాటపడి, కాసేపు చూద్దాం అనుకోకండి. 112, పిల్లల సాయానికి 1098, ఈ రెండూ ఫోన్‌లో వేసుకోండి.

మీ అమ్మగారి మాటకి వస్తాను. ఆవిడ అన్నది నిజమే, వాడికి గుర్తుండదు. చిన్న రైలెక్కి కేరింతలు కొట్టిన సంగతి కూడా వాడికి గుర్తుండదు. మీరు మాత్రం అంత ఏడ్చిన రోజు గురించి రాస్తూ కూడా ఆ కేరింతలు రాయకుండా ఉండలేకపోయారు. అత్తగారికి 62 ఏళ్లు. మనవడు ఇంకా ఒళ్లో ఇమిడే వయసులో ఉండగా ఆవిడ వాడితో రైలెక్కడం ఇంకో అయిదేళ్లకి కుదిరే పని కాదు. వెళ్లండి. ఒక్క పార్కు చాలు.

అయితే టికెట్లు కొనకముందు ఒక పని చెయ్యండి. ఈ ఆదివారం సాయంత్రం అయిదుగురూ కలిసి రామనారాయణం గుడికి వెళ్లిరండి. ఊళ్లోనే ఉంది, విల్లు ఆకారంలో ఉన్న ఆ ప్రాంగణమంతా నడవాలి, దీపాలు పెట్టే వేళకి జనం ఉంటారు, మీవాడు ఆంజనేయస్వామి దగ్గర్నుంచి ఒక పట్టాన కదలడు. సంచి మీ వారు సర్ది, మీ వారే మొయ్యాలి. పాప లెక్కపెట్టాలి. "నీ దగ్గర", "నా దగ్గర" అక్కడే మొదలుపెట్టండి. ఇంటికొచ్చాక సంచి మంచం మీద కుమ్మరించండి. ఆ సాయంత్రం ఒక్కసారి కూడా చెయ్యి తగలని వస్తువుల్లో మందులు తప్ప మిగతావి హైదరాబాద్ సంచిలో పెట్టొద్దని మీ వారికి చెప్పండి.